మీల్ మేకర్ కూర రబ్బరులా సాగుతుంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, బ్రాడీపేట. కార్తీకం వచ్చిందంటే మా ఇంట్లో నెల రోజులు నీచు ఉండదు. మా ఆయనకేమో ముక్క లేకపోతే ముద్ద దిగదు. పోనీ కదా అని మీల్ మేకర్ కూర చేస్తే లోపల చప్పగా, పైన రబ్బరులా సాగుతా ఉంది, పైగా అదో రకం పచ్చి వాసన. మసాలా ఎంత దట్టించినా గ్రేవీ వేరు ముక్క వేరు అన్నట్టే ఉంటుంది. మా అత్తయ్య గారు ఆ గిన్నె వంక కూడా చూడరు, మాంసంలా ఉంది, ఫ్యాక్టరీ సరుకు, నాకొద్దు అంటారు. మా అబ్బాయి ఇంటర్, మగపిల్లలు సోయా తింటే మంచిది కాదని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా? నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, నేను తినొచ్చా? ఇవన్నీ చాలవన్నట్టు వచ్చే ఆదివారం వనభోజనాలకి పాతికమందికి మీల్ మేకర్ పలావ్ నేనే తెస్తానని ఒప్పేసుకున్నా. పరువు కాపాడు అక్కా.

జవాబు: ముందు కంగారు తగ్గించుకో చెల్లీ, ఆదివారానికి ఇంకా టైముంది. నీ ఉత్తరంలో అసలు సంగతి ఒక్క మాటలోనే ఉంది, మసాలా ఎంత దట్టించినా ముక్కకి పట్టట్లేదు అన్నావు చూడు, అదీ. మసాలా ఎక్కువ వేస్తే పట్టదమ్మా, ముక్కలో చోటుంటే పడుతుంది. నానబెట్టిన ముక్క నిండా నీళ్ళే ఉన్నాయనుకో, దాన్ని తీసుకెళ్ళి గ్రేవీలో వేస్తే నీ మసాలా ఎక్కడికి పోవాలి, చుట్టూ తిరిగి గిన్నెలోనే ఉండిపోతుంది. కాబట్టి ఈ కూరలో సగం పని పొయ్యి దగ్గర కాదు, సింకు దగ్గర.

మీల్ మేకర్ అంటే ఏంటో తెలిస్తే వండటం సులువు కాబట్టి కాస్త చెప్తాను. సోయా గింజల్లోంచి నూనె తీసేశాక మిగిలిన పిండి ఉంటుంది కదా, దాన్ని తడిపి, బాగా వేడిగా, గట్టి ఒత్తిడి మీద మెషిన్‌లోంచి నెడతారు. చిన్న కంతలోంచి బయటికి రాగానే ఒత్తిడి ఒక్కసారి తగ్గి లోపలి నీళ్ళు ఆవిరైపోయి పిండి పొంగుతుంది, అందుకే ముక్క నిండా ఆ బొరియలు, ఆ పీచు. 1960ల్లో అమెరికాలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ అనే కంపెనీ తయారుచేసిన సరుకు ఇది. అంటే మన ఇంటికొచ్చేటప్పటికే అది ఉడికిపోయి ఉంటుంది, నువ్వు దాన్ని మటన్‌లా గంటసేపు ఉడికించి మెత్తబరచాల్సిన పని లేదు, నీళ్ళు పట్టించి, పిండేసి, ఆ ఖాళీలో రుచి నింపడమే. ఇంకో సంగతి, నూనె తీసేసిన పిండి కాబట్టి అందులో కొవ్వు దాదాపు ఉండదు. మటన్ కూర రుచి సగం ఆ కొవ్వుది, ఎముకది, అవి రెండూ ఇందులో లేవు. కాబట్టి డైట్ అనుకుని రెండు చెంచాల నూనెతో మీల్ మేకర్ కూర చేస్తే చప్పగానే ఉంటుంది మరి, ఉండక ఏం చేస్తుంది.

సరే ఇప్పుడు పని. నీళ్ళు తెర్లనిచ్చి అందులో ఉప్పు వెయ్యి, పప్పులోకి వేసినంత కాదు, నీళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తెలిసేంత, ఒక గరిటెడు పాలు కూడా పొయ్యి, ఆ వాసన కాస్త విరుగుతుంది. స్టవ్ ఆపేసి ముక్కలు వేసి మూత పెట్టు. చిన్నవైతే పది నిమిషాలు, పెద్ద ముక్కలైతే పావుగంట పైనే. అవి నీళ్ళ మీద తేలతాయి, తేలిన వైపు నానదు, మధ్యలో ఒకసారి గరిటెతో తిరగెయ్యి లేదా పైన ఒక ప్లేటు బోర్లించు. టైము చూసుకుని తీసేయకుండా ఒక ముక్క తీసి చాకుతో అడ్డంగా కోసి చూడు. నడిమధ్యలో పాలిపోయిన రంగులో గట్టిగా ఒక చుక్కంత కనిపిస్తే ఇంకా నానలేదన్నట్టు, నువ్వు సాగుతోంది సాగుతోంది అంటున్నావే, చాలాసార్లు ఆ చుక్కే కారణం. రంగంతా ఒకటే అయ్యాక వేణ్ణీళ్ళు వంచేసి చన్నీళ్ళు పొయ్యి.

ఇక పిండటం. నాలుగైదు ముక్కలు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నొక్కు, మొదటిసారి పసుపుపచ్చగా, నురగ నురగగా నీళ్ళొస్తాయి, నీకు పచ్చి వాసన అనిపించేది ఎక్కువగా అందులోనే ఉంటుంది. మళ్ళీ చన్నీళ్ళలో వేసి ముక్క ఉబ్బాక మళ్ళీ పిండు. ఇలా నురగ పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా చెయ్యాలి, మామూలుగా మూడో విడతకి వచ్చేస్తాయి. సోయా తింటే పొట్ట ఉబ్బరం అనేవాళ్ళకి కూడా ఇది మంచిదే, ఆ గ్యాస్ చేసే చక్కెరలు కొన్ని ఈ నీళ్ళతో పోతాయి, అందుకే ఆ నీళ్ళు వృథా అనుకుని కూరలో పోయకు. ఆఖరిసారి మాత్రం దయా దాక్షిణ్యం లేకుండా పిండు, చిరిగిపోతుందేమోనని భయపడకు, అంత తొందరగా చిరగదు.

పిండిన వెంటనే, అంటే నిజంగా వెంటనే, పెరుగు కలుపు. చిలికిన పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ధనియాల పొడి, ఉప్పు, ఒక చెంచా నూనె. నీళ్ళు పిండేసిన ముక్క దేన్ని ముందు చూస్తే దాన్ని పీల్చుకుంటుంది, అది మసాలా పెరుగు అయ్యేలా చూసుకోవడమే మన తెలివి. అరగంట చాలు. కారం దగ్గర ఒక మాట, గుంటూరు ఆడపడుచుకి కారం గురించి చెప్పడం సాహసమే గానీ, ఇక్కడ బాగా మంటుండే తేజ మిర్చి కారం వాడకు, మటన్‌లో కొవ్వు ఆ మంటని కాస్త అణుస్తుంది, ఇందులో అణిచేవాళ్ళు లేరు, ముక్క కొరకగానే నాలిక మీద నిప్పు పడుతుంది. సన్నం రకం మిర్చి కారం అయితే రంగూ ఉంటుంది, ఘాటూ సరిపోతుంది.

తర్వాత ఆ ముక్కల్ని మూకుడులో కాస్త ఎక్కువ నూనెలోనే వేయించు, అంచులు ఎర్రబడేదాకా, అంతే. కరకరలాడేదాకా వేయించావంటే మళ్ళీ తోలులాగా అయిపోతుంది, ఎంత గ్రేవీలో వేసినా తిరిగి రాదు. తీసి పక్కన పెట్టుకుని అదే నూనెలో ఉల్లిపాయలు, తొందరపడకుండా బాగా ఎర్రగా వేగనియ్యి, టమాటా వేసి నూనె తేలేదాకా మగ్గనియ్యి. మాంసం ఇచ్చే ఆ నిండైన రుచికి దగ్గరగా వెళ్ళాలంటే ఈ ఎర్రటి ఉల్లి, ఈ మగ్గిన టమాటాయే గతి, గరం మసాలా పొడి ఇంకో చెంచా వేస్తే వచ్చేది కాదు. మీ ఇంట్లో మటన్‌కి ఏ మసాలా నూరతారో అదే నూరు, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగం, దాల్చిన చెక్క, ఉంటే కొంచెం రాతిపువ్వు, మరాటి మొగ్గ. గసగసాలు కొబ్బరి మాత్రం కాస్త చెయ్యి జారనియ్యి, లేని కొవ్వుకి బదులు అవే. జీడిపప్పు నాలుగు వేసి నూరినా తప్పులేదు. వేయించిన ముక్కలు వేసి, వేడినీళ్ళు పోసి, మూత పెట్టి సన్న సెగ మీద పదిహేను నిమిషాలు. కుక్కర్ పెట్టకు అనను గానీ పెడితే ఒక్క విజిల్, మూడు విజిల్స్ వచ్చాయంటే ముక్క పీచు తెలియకుండా మెత్తబడిపోతుంది. దించి అరగంట ఆగి తింటే ఇంకా బావుంటుంది, పొద్దున వండి రాత్రికి తింటే మరీ బావుంటుంది.

గోంగూర మీల్ మేకర్ గురించి నువ్వు అడగలేదు, కానీ గుంటూరులో ఉండి అది చెయ్యకపోతే ఎలా? ఎర్ర గోంగూర తీసుకో, పులుపు అదే గట్టిగా ఉంటుంది. ఆకు వేరే మూకుట్లో నూనెలో పచ్చిమిర్చితో ముద్దయ్యేదాకా మగ్గబెట్టుకుని, ముక్కలు మసాలాలో పది నిమిషాలు ఉడికాక, ఆఖర్న కలుపు. ముందే వేశావనుకో ముక్క నిండా పులుపే ఎక్కి కూర్చుంటుంది, మసాలాకి చోటుండదు. అదయ్యాక పైన వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు. నన్నడిగితే మీల్ మేకర్‌తో ఈ కూర చికెన్ గోంగూర కంటే బావుంటుంది, చాలామంది ఒప్పుకోరనుకో.

ఇక మీ ఆయన సంగతి. పెద్ద ముక్కల కూర పెట్టి ఇది మటన్‌లాగే ఉంది చూడండి అంటే మటన్ తినే మనిషి ఎవరూ ఒప్పుకోరు, నువ్వు అలా అన్నందుకే ఇంకో రెండు వంకలు పెడతారు. కీమా దగ్గర మాత్రం పడిపోతారు. సన్న రవ్వలా అమ్ముతారు చూడు, గ్రాన్యూల్స్ అని, అది తెచ్చుకో. దొరక్కపోతే ముక్కల్నే నానబెట్టి, పిండేసి మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపెయ్, ఇంకోసారి తిప్పితే ముద్ద. గ్రాన్యూల్స్ వేణ్ణీళ్ళలో అయిదు నిమిషాలు చాలు, పల్చటి గుడ్డలో వేసి మూట కట్టి పిండాలి, చేత్తో పిండితే సగం సింకులోకి పోతుంది. తర్వాత నూనెలో పలుకు పలుకు విడిపోయి కాస్త రంగు మారేదాకా వేయించి, బఠానీ వేసి, పుదీనా కొత్తిమీర దండిగా వేసి, కొంచెం నిమ్మకాయ పిండి, వేడి చపాతీతో పెట్టు. మాట్లాడకుండా తింటారు చూడు. ఆ మిగిలిన కీమాతోనే మర్నాడు సమోసాలు, దోసె మీద వేసుకోవడం, అన్నీ అవుతాయి. ఏదేమైనా నెల రోజులే కదా, కార్తీకంలో చికెన్ కొట్టు వాళ్ళే ఈగలు తోలుకుంటూ ఓపిక పడుతుంటారు, మీ ఆయన పడలేరా?

అత్తయ్య గారి విషయానికొస్తే, ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. చూడ్డానికి మాంసంలాగే ఉంటుంది, అలా ఉండాలనే చేశారు, జన్మలో ముక్క ముట్టని మనిషికి అది చూస్తే కడుపులో తిప్పినట్టుండటం సహజం. ఫ్యాక్టరీ సరుకనేదీ నిజమే, నూనె తియ్యడానికి మామూలుగా హెక్సేన్ అనే ద్రావకం వాడి తర్వాత వేడి చేసి దాన్ని తీసేస్తారు, గానుగ పని కాదు. కానీ ఆలోచన మాత్రం మనకి కొత్త కాదని చెప్పి చూడు. నువ్వులు గానుగాడించాక మిగిలిన తెలగపిండిని మన వాళ్ళు పారేశారా? మునగాకు వేసి కూర వండారు, బాలింతలకి ఏరికోరి పెట్టారు. నూనె పోయాక మిగిలిన పిండిలోనే బలమంతా ఉంటుందని వాళ్ళకి ఏ లేబులూ చదవకుండానే తెలుసు. ఇదీ ఆ జాతిదేనండీ అత్తయ్యా, కాకపోతే నువ్వుల బదులు సోయా, గానుగ బదులు మెషిను అను. వింటే సరే. వినకపోతే వదిలెయ్, ఆవిడకి తెలగపిండే వండిపెట్టు, ఇంకా సంతోషిస్తారు. ఒక్కటి మాత్రం చెయ్యకు, తెలియకుండా గారెల పిండిలోనో కట్‌లెట్‌లోనో కలిపి పెట్టి తిన్నాక చెప్పడం. పెద్దవాళ్ళు నియమంగా ఉండే నెలలో అలాంటి ఆటలు వద్దు, కూర ఎంత బావున్నా తర్వాత నువ్వు పెట్టే ఏ గిన్నె మీదా ఆవిడకి నమ్మకం ఉండదు. గరిటె కూడా విడిగా పెట్టుకో.

అబ్బాయి గురించి. ఆ వాట్సాప్ మెసేజ్ మా ఇంటికీ వచ్చింది, దండం పెట్టుకునే బొమ్మ ఒకటి కింద. సోయాలో ఐసోఫ్లేవోన్లని ఉంటాయి, వాటి నిర్మాణం ఆడవాళ్ళ హార్మోన్‌కి కాస్త దగ్గరగా ఉంటుంది, అక్కడ పుట్టింది ఈ భయం. దీని మీద మగవాళ్ళతో చేసిన పరిశోధనలన్నీ కలిపి 2010లో ఒకసారి, 2021లో ఇంకా ఎక్కువ అధ్యయనాలతో ఇంకోసారి లెక్క తీశారు, సోయా తిన్నందువల్ల మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ మారలేదనే తేలింది. కాబట్టి వారానికి రెండు మూడు సార్లు కూర తిన్నంత మాత్రాన మీ వాడికి ఏం కాదు. ఎండు ముక్కలు మనిషికి ఒక గుప్పెడు, 30 గ్రాములు అనుకో, చాలు, అందులోనే 15 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది, అంటే రెండున్నర గుడ్ల లెక్క. ప్యాకెట్ మీద 100 గ్రాములకి 52 గ్రాములు అని చూసి మీ వాడు జిమ్‌కెళ్ళే ఫ్రెండ్‌కి చెప్పి గొప్పలు పోతాడేమో, అది ఎండు బరువుకి అని చెప్పు, నానితే ముక్క మూడింతలవుతుంది, అప్పుడు ఆ లెక్క కూడా మూడో వంతుకి పడిపోతుంది. బీ12 విటమిన్ మాత్రం ఇందులో ఉండదు. నెల రోజులకి దాని గురించి బెంగ అక్కర్లేదు, పాలు పెరుగు ఎలాగూ ఉంటాయి. సోయా పడనివాళ్ళు కొద్దిమంది ఉంటారు, తిన్నాక దద్దుర్లు, పెదాలు వాయడం లాంటివి కనిపిస్తే మళ్ళీ పెట్టకు, డాక్టర్‌కి చూపించు.

నీ థైరాయిడ్ మాత్ర విషయం అంత తేలిగ్గా తీసుకోకు. సోయా ఆ మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వకపోవచ్చు. తినకూడదని కాదు, మాత్రకీ సోయాకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంటే మంచిది. నువ్వు పొద్దున్నే ఆరింటికి పరగడుపున వేసుకుని మధ్యాహ్నం ఒంటిగంటకి కూర తింటే ఎడం దానంతటదే వచ్చేసింది. పొద్దున టిఫిన్లోకి మాత్రం కీమా దోసె లాంటివి పెట్టుకోకు. ఇంతవరకూ ఎప్పుడో ఒకసారి తిని ఇప్పుడు రోజూ తినబోతుంటే ఆ సంగతి మీ డాక్టర్‌కి ఒక ముక్క చెప్పు, తర్వాత టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ రక్తపరీక్ష, చూసేటప్పుడు గుర్తుపెట్టుకుంటారు. ఇంట్లో ఎవరికైనా యూరిక్ యాసిడ్ ఎక్కువున్నా ఎంత తినొచ్చో అడిగే తినమను.

ఇక ఆదివారం పలావ్, అసలు పరువు అక్కడుంది కదా. పాతికమందికి, పక్కన పులిహోర, గారెలు, చక్రపొంగలి ఎలాగూ ఉంటాయి కాబట్టి బియ్యం మూడు కిలోలు, ఎండు మీల్ మేకర్ అరకిలో చాలు. చిన్న ముక్కలే తీసుకో, పెద్దవి పలావులో పైకి తేలి కూర్చుంటాయి, వడ్డించేటప్పుడు ముందున్నవాళ్ళకే అన్నీ పోతాయి. ముందు అడగాల్సింది ఉల్లి వెల్లుల్లి సంగతి, మీ గుంపులో కార్తీకం పాటించేవాళ్ళుంటే అసలు వద్దు, ఉసిరి చెట్టు కింద కూర్చోబెట్టి మనిషి మనిషినీ అడగలేవు. ఉల్లి లేకుండా కూడా బ్రహ్మాండంగా వస్తుంది, అల్లం, పచ్చిమిర్చి, పుదీనా, కొత్తిమీర కలిపి నూరిన ముద్ద, కొబ్బరిపాలు, తాలింపులో నెయ్యి. ముక్కలు శనివారం రాత్రే నానబెట్టి, పిండేసి, పెరుగు మసాలా (వెల్లుల్లి వద్దనుకుంటే అల్లం ఒక్కటే వేసి) కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకో, పొద్దున్నే వేయించుకోవచ్చు.

ఎసరు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సరిగా నానని ముక్క బియ్యానికి పోసిన నీళ్ళు తాగేసి అన్నం పలుకుగా వస్తుంది, పిండని ముక్క తన నీళ్ళు వదిలేసి అన్నం ముద్దవుతుంది. నానబెట్టి, పిండేసి, వేయించిన ముక్క అయితే ఎసరు లెక్క మారదు, మామూలు పలావుకి ఎంత పోస్తావో అంతే. అది కూడా పెద్ద గిన్నె కాబట్టి, మూత గట్టిగా పెడితే ఆవిరి అంతగా పోదు, ఇంట్లో గ్లాసుకి రెండు గ్లాసులు పోసే సోనామసూరికి ఇక్కడ గ్లాసుకి ఒక పావు గ్లాసు తగ్గించి చూడు, కొబ్బరిపాలు కూడా ఆ లెక్కలోనే. ముక్కల్ని బియ్యంతో పాటు వెయ్యకు, ఎసరు ఇంకబోయేటప్పుడు, గిన్నెలో బియ్యం మీద బుడగలు వచ్చే దశలో పైన పరిచి, నెయ్యి చల్లి, కింద పెనం పెట్టి దమ్ చెయ్యి. వడ్డించే ముందు అంచుల నుంచి కిందకి గరిటె దింపి కలుపు.

సరుకు తెచ్చేటప్పుడు పట్నంబజార్‌లో విడిగా అమ్మేవి తీసుకుంటే కాస్త చేతిలోకి తీసుకుని వాసన చూడు. ముక్కిన వాసన వచ్చినా, అడుగున పొడి ఎక్కువున్నా వదిలెయ్, లేత గోధుమ రంగులో తేలిగ్గా ఉండాలి. అరకిలోకి ఇంకో పావుకిలో ఎక్కువే తెచ్చి గట్టి మూత డబ్బాలో పోసుకో, తడి చెయ్యి పెట్టకపోతే ఎండువి నెలలు నిలవుంటాయి. నానబెట్టినవి మాత్రం ఫ్రిజ్‌లో అయినా రెండ్రోజులకి మించి ఉంచకు. మిగిలిపోయాయంటే సోమవారం సాయంత్రం శనగపిండి, బియ్యప్పిండి, కరివేపాకు కలిపి పకోడీ వేసెయ్, ఉపవాసం విప్పేవాళ్ళకి ఉల్లి లేకుండానే.